సూది దగ్గర ఆగిన గొంతు

మా అక్క చనిపోయిన నాలుగేళ్ళకు ఆమె గొంతు మళ్ళీ విన్నాను. పిడుగురాళ్లలో, మనవరాలి ఇంట్లో, పట్టపగలు పన్నెండు గంటలప్పుడు.

మనవరాలంటే అక్క కూతురి కూతురు. ఆ పిల్ల తల్లి తొందరగా పోతే అక్కే పెంచి, చదివించి, పెళ్ళి చేసింది. నన్ను చిన్నమ్మమ్మా అని పిలుస్తుంది. మొగుడు సున్నపు బట్టీల దగ్గర లారీ నడుపుతాడు. వాళ్ళ వీధిలో అన్నిటి మీదా సన్నటి తెల్లపొడి పేరుకుని ఉంటుంది. గోడల మీద, చెట్ల ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద కూడా. మిట్టమధ్యాహ్నం ఆ వీధిలో నడుస్తుంటే మన అడుగుల చప్పుడు మనకే వినిపించదు.

నేనుండేది నరసరావుపేటలో. ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. నా నోటి గురించి మావాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఎదుటివాళ్ళు ఒక మాట మొదలుపెడితే అది ఎటు పోతుందో నాకు ముందే తెలిసిపోతుందని నా నమ్మకం. మిగతాది నేనే పూర్తి చేసేస్తాను. బళ్ళో పిల్లలు భరించారు, ఇంట్లోవాళ్ళకి వేరే దారి లేదు.

ఆ రోజు నన్ను పిలిపించింది మనవరాలి మొగుడు. ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడాడు.

"చిన్నమ్మమ్మా, పాపకి తొమ్మిది నెల్లు నిండినయ్యి. తట్టు సూది ఏపించాల. మీ మనవరాలు ఏపించనంటంది. నర్సమ్మ వచ్చిన రెండు బుధవారాలూ తలుపేసుకుని లోపల కూకుంది. నా మాట ఇనట్లా. మీరొచ్చి చెప్పండి."

"దానికేం, అరగంటలో తేల్చేస్తా" అన్నాను. నిజంగానే అట్లా అనుకున్నాను. టీకాల పాఠం ఎన్ని వందల మంది పిల్లలకి చెప్పి ఉంటానో.

వీధిలోకి వెళ్ళేసరికి మనవరాలి ఇంటికి రెండిళ్ళ ఇవతల గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. తట్టు పోసిన ఇల్లు. ఆ ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల ఉంది. లోపల్నుంచి ఏడుపు గానీ మాట గానీ లేదు. తలుపు బెత్తెడు తెరిచి ఉంది, ఆ సందులోంచి ఎవరో నన్నే చూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. నేను తల తిప్పకుండా నడిచాను.

మనవరాలు మంచం మీద పాపని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. నేను చెప్పులు విప్పుతూనే అందుకున్నాను. తట్టు ఎట్లా అంటుకుంటుంది, పసివాళ్ళకి ఊపిరితిత్తుల దాకా ఎట్లా పోతుంది, సూది ఏం చేస్తుంది, అన్నీ. ఆ పిల్ల ఒక్క మాట అడ్డం రాలేదు. అంతా విన్నాక ఫోన్ తీసి మంచం మీద పెట్టింది.

"చిన్నమ్మమ్మా, నువ్వు చెప్పింది ఇన్నా. ఇప్పుడు ఇది నువ్వు ఇను."

మొదట మాట లేదు. స్‌స్‌స్ అని ఒక చప్పుడు, దాని మధ్యలో ఎవరో ఎగశ్వాసగా పీలుస్తున్న ఊపిరి. ఆ చప్పుడు ఎక్కడో విన్నట్టనిపించింది. తర్వాత గొంతు వచ్చింది.

"ఏమే, ఇంటన్నావా? నా పెద్దబిడ్డ సంగతి. తట్టొచ్చి పోయిందని గదా మీ అందరికీ తెలుసు. ఒక మాట దాచా. ఆ బిడ్డకి సూది ఏపిచ్చా. ఏపిచ్చిన మూడోనాడు పోయింది. నలబయ్యేళ్ళు ఎవురికీ చెప్పలా. ఆయనక్కూడా చెప్పలా. ఇప్పుడు చెప్పకపోతే ఇంక చెప్పలేను. మన పిల్లలకి చెప్పు. పసిబిడ్డని కన్న ఆడదానికల్లా చెప్పు. సూది…"

అంతే. సూది అన్న మాట దగ్గర ఆగిపోయింది. దాని కింద ఎవరో రాసిన అక్షరాలు ఉన్నాయి. 'పల్నాడు తల్లి ఆఖరి మాట. మీ బిడ్డల కోసం పదిమందికి పంపండి.' చాలాసార్లు చేతులు మారిన మెసేజికి వచ్చే గుర్తు కూడా పైన ఉంది.

"అమ్మమ్మ గొంతు కాదా?" అంది మనవరాలు.

కాదని ఎట్లా అంటాను? అది మా అక్కే. కరోనా రెండోసారి వచ్చినప్పుడు గుంటూరు ఆసుపత్రిలో పోయిన మా అక్క. పాప ఆ గొంతు వినీ వినీ అలవాటైపోయిందేమో, ఫోన్ వైపు చూసి నవ్వుతూ చెయ్యి చాపింది. నేను ఆ మెసేజిని నా ఫోన్‌కి పంపించుకుని బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

ఆ పెద్దబిడ్డ నాకు గుర్తుంది. ఏడాది నిండని పిల్ల. పోయినప్పుడు నేను బి.ఇడి. చదువుతున్నాను. కబురొచ్చి వెళ్ళేసరికి అక్క అత్తగారింటి గుమ్మానికి వేపమండలున్నాయి. ఆదివారం ఆదివారం చర్చికి పోయే ఇల్లే అది, అయినా తట్టు అనేసరికి ఊళ్ళో అందరిలాగే తాలింపు మానేశారు, తల దువ్వుకోవడం మానేశారు, డాక్టరు మాటే ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండింది. బిడ్డని పోగొట్టుకుని గోడకానుకుని కూర్చున్న మనిషి ముందు నిలబడి, "సూది వేయించి ఉంటే బతికేదక్కా, చదువు లేకపోతే ఇట్లాగే ఉంటుంది" అన్నాను. అక్క తల ఎత్తి నా వైపు చూసింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. నేను ఆపలేదు, ఇంకా ఏవేవో చెప్పాను. అక్క నోరు మూసుకుంది.

ఇప్పుడు ఆ చూపుకి అర్థం మారిపోయింది. అక్క అప్పటికే సూది వేయించింది. వేయించిందని చెప్పబోయి ఉంటుంది.

నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. ముప్ఫై రెండేళ్ళు పాఠం చెప్పిన మనిషిని, ఒక్క గొంతుకి నా చదువంతా వణికింది. సూది వల్లే పోయిందా? మా అక్క అబద్ధం చెప్పదు. చావు ముందు అసలే చెప్పదు. దానితో పాటు సిగ్గుపడాల్సిన మరో బాధ కూడా కలిగింది. నలభై ఏళ్ళు దాచిన మాట చెప్పడానికి అక్క ఎవరిని ఎంచుకుంది? ఆ 'ఏమే' ఎవరు? నాకెందుకు చెప్పలేదు?

మా పక్కింట్లో కంప్యూటర్ ఉద్యోగం చేసే అమ్మాయి ఉంటే వెళ్ళి అడిగాను. "ఈ రోజుల్లో ఎవరి గొంతయినా తయారు చేస్తారాంటీ, నమ్మొద్దు" అంది. ఆ మాట పట్టుకుని ఒక పూటంతా ప్రాణం కుదుటపడింది. సాయంత్రం మళ్ళీ విన్నాను. ఆయనక్కూడా చెప్పలా అనేటప్పుడు 'ఆయన' దగ్గర గొంతు కొంచెం తగ్గింది. బావ పేరు, ఆయన ఊసు ఎత్తేటప్పుడు అక్క ఎప్పుడూ అట్లాగే తగ్గించేది, ఆయన పక్కగదిలో ఉన్నా లేకపోయినా. ఆ సంగతి ఏ యంత్రానికీ ఎవరూ చెప్పి ఉండరు.

మర్నాడు పిడుగురాళ్ల దగ్గరి గవర్నమెంట్ ఆసుపత్రికి వెళ్ళాను. మనవరాలి వీధికి వచ్చే నర్సమ్మ అక్కడే దొరికింది. ఐసు డబ్బా సర్దుకుంటూ నా మాటలన్నీ విన్నది. సూదైన మూడోనాడే బిడ్డ పోయిందట, అది కూడా ఒళ్ళంతా తట్టు లేచి, అన్నాను.

"సూది ఏసినాక కొంతమంది పిల్లలకి జొరం, సన్నటి దద్దుర్లు వస్తయ్యి మేడమ్. అవి వారం అటూ ఇటూగా వస్తయ్యి గానీ మూడోనాడు కాదు. తట్టు అంటుకున్నాక బయటపడటానికి దగ్గర దగ్గర పది రోజులు పట్టిద్ది. ఆ లెక్కన జబ్బు ముందే ఒంట్లో పడి ఉండాల."

"ఖచ్చితంగా చెప్పగలవా?"

"నలబయ్యేళ్ళ కిందటి బిడ్డని నేను చూళ్ళేదు గదండీ. ఖచ్చితమని ఎట్టా చెప్పను? నాకు తెలిసింది చెప్పా. డాక్టరు గారున్నారు, ఆయన్ని కూడా అడుగుదాం పదండి."

డాక్టరు కుర్రవాడు. పుస్తకం తీసి ఆ పేజీ నా ముందు పెట్టి చదవమన్నాడు. సూదికి ఒళ్ళు ఒప్పకపోవడమన్నది ఎప్పుడో అరుదుగా ఉంటుందనీ, ఉంటే చాలామటుకు వెంటనే తెలుస్తుందనీ, అందుకే వేయించాక అరగంట అక్కడే కూర్చోబెడతామనీ దాచకుండా చెప్పాడు. ఇద్దరూ తెలిసినదాన్ని తెలిసిందన్నారు, తెలియనిదాన్ని తెలియదన్నారు. నేనెప్పుడూ క్లాసులో ఆ రెండో మాట అనలేదు.

అక్కణ్ణుంచి నేరుగా మనవరాలి దగ్గరికి వెళ్ళి వాళ్ళు చెప్పిందంతా చెప్పాను. ఆ పిల్ల చిరాకు పడలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

"వాళ్ళు చదివింది చెప్తారు చిన్నమ్మమ్మా. అమ్మమ్మ తన బిడ్డని చూసి చెప్పింది. నన్ను పెంచింది అమ్మమ్మ. వద్దంటుంటే ఎట్టా ఏపియ్యను?"

"వద్దని ఎక్కడంది? సూది అని ఆగిపోయింది కదా."

"ఇంకేమంటది? నీకు తెలీదా?"

నాకూ తెలుసనే అనుకున్నాను. సగం మాటని పూర్తి చేసే జబ్బు నా ఒక్కదానిదే కాదని అప్పుడు తెలిసింది. ఆ గొంతు విన్న ప్రతివాళ్ళూ 'సూది' తర్వాత 'వద్దు' అని వాళ్ళంతట వాళ్ళే కలుపుకుంటున్నారు. ఆ తర్వాత అక్క ఇంకేదైనా చెప్పిందా? చెప్పి ఉంటే అది ఎవరి దగ్గర ఉంది? ఆ 'ఏమే' దగ్గర ఉండాలి. ఆమెని పట్టుకోవాలి. వేపమండల ఇంట్లో పిల్లకి తట్టు ఇంకా తగ్గలేదు. మనవరాలి పాప గుమ్మంలో పాకుతూ వీధిలోకి వస్తోంది. వచ్చే బుధవారానికి ఆరు రోజులే ఉన్నాయి.

ఈ మెసేజి నీకెవరు పంపారని అడిగితే, వెనక వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ అని చెప్పింది.

ఆ దర్జీ ఆవిడ ఇంటికి వెళ్ళాను. కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఫలానా మెసేజి అనగానే ఆవిడ ముఖం వెలిగింది.

"అయ్యో, ఆ తల్లిదా! నాకు మొత్తం వచ్చు" అని కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. ఏమే, ఇంటన్నావా? నా పెద్దబిడ్డ సంగతి. ఒక్క అక్షరం పోలేదు. ఎక్కడ అక్క ఆగిందో అక్కడ ఆగింది. ఎక్కడ గాలి అందక పీల్చిందో అక్కడ తనూ పీల్చింది, అదే ఎగశ్వాస, అదే చప్పుడు. సూది దగ్గరికి వచ్చి నోరు తెరిచి ఉంచి నిలిపేసింది. పక్కనే గుడ్డలు కత్తిరిస్తున్న ఇంకొకామె చేతిలోని కత్తెర పక్కన పెట్టేసి కళ్ళు తుడుచుకుంది. నా అక్క చావు ఆ గదిలో రోజూ జరుగుతోందని అర్థమైంది.

"జాకెట్లకొచ్చే ప్రతి బాలింతకీ ఇనిపిస్తా. పుణ్యం గదా" అంది ఆవిడ. ఆ మనిషిలో కుళ్ళు లేదు. మంచి చేస్తున్నాననే అనుకుంటోంది. ఆ గొంతు మా అక్కదని చెబుదామనుకుని చెప్పలేదు. చెబితే ఆవిడ నన్ను కూర్చోబెట్టి ఇంకోసారి వినిపించేదేమో.

ఆవిడకి పంపింది దాచేపల్లిలో ఉన్న ఆవిడ సొంత అక్క. బస్సెక్కి అక్కడికీ వెళ్ళాను. ఆ ఇంట్లో మెసేజితో పాటు ఒక ఫోటో కూడా చూపించారు. దండ వేసిన ఫోటోలో నేనెన్నడూ చూడని ముసలామె, పెద్ద బొట్టు, ముక్కుకి రెండు వైపులా పుడకలు. "ఈమేనంట. మాచర్ల దగ్గరంట" అన్నారు. మా అక్క జన్మలో బొట్టు పెట్టుకోలేదు. ఆ ముసలామె ఎవరో, ఆమె పిల్లలెవరో, తమ తల్లి ముఖం కింద ఎవరి గొంతు పలుకుతోందో వాళ్ళకి తెలుసో లేదో. ఆ ఫోటో చూస్తూ గొంతు వింటుంటే ఒక్క క్షణం నాకు కూడా అక్క ముఖం గుర్తుకు రాలేదు. గాభరాపడిపోయి ఫోన్‌లో ఉన్న అక్క ఫోటో తీసి చూసుకున్నాను.

"మా కోడలు ఈమె మాట ఇన్నకాడ్నించీ పిల్లోడికి ఒక్క సూదీ ఏపియ్యలా" అంది ఆ ఇంటావిడ, గర్వంగానే. ఆ పిల్లవాడికి ఇప్పుడు నాలుగేళ్ళు దాటాయట. ఇంట్లో లేడు, అంగన్‌వాడీకి వెళ్ళాడు. నేను మంచినీళ్ళు అడిగాను.

"మీకెవరు పంపారమ్మా?"

"మా వియ్యపురాలు పంపింది. మీ నరసరావుపేటే" అని వీధి చెప్పింది. అది మా వీధి. ఇల్లు చెప్పింది. మా ఇంటికి మూడిళ్ళ అవతల, మా చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన నడిపే పెద్దావిడ ఇల్లు.

తిరిగొచ్చే బస్సులో నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఎక్కడో మొదలై నన్ను చేరిన మాట అనుకుని రెండు ఊళ్ళు తిరిగితే అది వెనక్కి వెనక్కి మా వీధిలోకే తీసుకొచ్చింది. ఆ 'ఏమే' ఆవిడేనా? అక్కకి ఆవిడతో అంత చనువెప్పుడు?

ఆ పెద్దావిడ వరండాలో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను ఫోన్ తీసి మెసేజి పెట్టగానే, రెండో మాట వినకముందే తల ఊపింది.

"మీ అక్కేగా. పాపం."

"మీకు ఎవరు పంపారండీ ఇది?"

ఆవిడ నా వైపు అదోలా చూసింది. చేటని పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్ళి తన ఫోన్ తెచ్చింది. వాట్సాప్‌లో మా ప్రార్థన గుంపు తెరిచి చాలాసేపు వెనక్కి జరిపింది. కరోనా రోజుల దగ్గర ఆగి నా ముందు పెట్టింది.

అక్క గొంతు అక్కడుంది. దాని పైన నా పేరుంది. దాని కింద నేను రాసిన మాట ఉంది. 'అక్కకి చాలా కష్టంగా ఉంది. అందరూ ప్రార్థన చెయ్యండి.'

"నువ్వు పంపిందేగా పంతులమ్మా. అందరం ఇన్నాం, ఏడ్చాం. అప్పుడు మా అమ్మాయింట్లో పసిబిడ్డ. అందుకని వాళ్ళకి పంపా. నిన్ను మళ్ళీ ఏడిపించటం ఎందుకని నీ దగ్గర ఎత్తలా" అంది ఆవిడ.

ఆ రోజు నాకు మెల్లగా గుర్తొచ్చింది. అక్క ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంది, ఐసీయూ మంచం కోసం పొద్దున్నుంచీ అందరికీ ఫోన్లు చేస్తున్నాను. మధ్యలో అక్క నుంచి వాయిస్ మెసేజి వచ్చింది. నొక్కాను. స్‌స్‌స్ మన్న చప్పుడు, ఆ ఊపిరి. భరించలేక నాలుగు సెకన్లకే ఆపేశాను. అక్క ఏం చెబుతుందో నాకు తెలుసనుకున్నాను. ఆయాసంగా ఉంది, రమ్మని అడుగుతుంది, అంతే కదా. అట్లాగే ప్రార్థన గుంపులోకి తోసి మళ్ళీ ఫోన్లలో పడ్డాను. మర్నాడు పొద్దున అక్క పోయింది. ఆ తర్వాత ఫోన్ మార్చాను. పాతదాన్ని బీరువాలో పడేసి నాలుగేళ్ళు ముట్టుకోలేదు.

ఆ 'ఏమే' నేనే.

బీరువాలోంచి పాత ఫోన్ తీశాను. బ్యాటరీ ఉబ్బిపోయింది, తెర పగిలింది. రిపేరు షాపులో రెండు రోజులు ఉంచుకుని బాగుచేసి ఇచ్చారు. అక్క పేరు మీద వేలు పెట్టి తెరిచాను. ఒకటి కాదు, రెండు ఉన్నాయి. మాట్లాడినంతసేపూ వేలితో నొక్కి పట్టుకోవాలి, వదిలితే అక్కడికి అది వెళ్ళిపోతుంది. అక్కకి ఆ వేలు ఎప్పుడూ నిలిచేది కాదు. ఆమె పంపేవన్నీ ముక్కలు ముక్కలుగా వచ్చేవి, నేను విసుక్కునేదాన్ని. మొదటి ముక్క పక్కన విన్న గుర్తు ఉంది. రెండోదాని పక్కన వినని గుర్తు అట్లాగే ఉంది.

ఒక్కదాన్నే వినే ధైర్యం నాకు లేకపోయింది. ఫోన్ పట్టుకుని పిడుగురాళ్ల వెళ్ళి, మనవరాలి పక్కన మంచం మీద కూర్చుని, జరిగింది చెప్పి, నొక్కాను.

"చెయ్యి జారిందే. యాడిదాకా చెప్పా? సూది కాడికి. ఆ. సూది ఆలస్యం చెయ్యబాకండని చెప్పు. మా అత్త వద్దన్నది, అమ్మవారికి కోపమొచ్చిద్దన్నది. నెల్ల తరబడి ఆమె మాట ఇన్నా. పక్కింట్లో తట్టు పోసింది. బిడ్డ వాళ్ళింట్లోనే ఆడేది. అప్పుడు బయమేసి ఎవురికీ చెప్పకుండా ఆసుపత్రికి ఎత్తకపోయా. బిడ్డ ఒళ్ళు అప్పటికే ఎచ్చగా ఉంది. నర్సమ్మ జొరమేమన్నా ఉందా అంటే లేదన్నా. సూదిది తప్పు లేదు. ముందే ఏపిచ్చి ఉంటే నా బిడ్డ ఉండేది. ఇప్పుడూ అంతే చేశా. ఈ కరోనా సూది రేపు, మాపు అని ఇక్కడికొచ్చా."

చాలాసేపు ఊపిరి ఒక్కటే వినిపించింది. అయిపోయిందనుకుని చెయ్యి చాపాను. మనవరాలు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నీకు ఎదురుగా చెబుదామని చానాసార్లు అనుకున్నా. నువ్వు సగంలో అందుకుంటావు. ఆనాడు కూడా చెప్పనియ్యలా. ఇందులో అయితే అడ్డం రాలేవు గదా. అందుకని ఇట్టా చెప్తన్నా. అంతా ఇను."

అక్కడితో అయిపోయింది. నేను ఏడ్చాను. దాచుకునేంత పెద్దరికం నాకు మిగల్లేదు. మనవరాలు ఏడవలేదు. పాపని ఒళ్ళోంచి దించి, ఆ మాటని మళ్ళీ మొదటినుంచీ వింది. విన్నాక నన్ను ఒక్కటే అడిగింది.

"నాలుగేళ్ళు ఇది నీ బీరువాలో ఉందా చిన్నమ్మమ్మా?"

ఉంది అన్నాను.

బుధవారం తలుపు తీసే ఉంచింది. నర్సమ్మ రాగానే పాపని తనే ఎత్తుకుని వెళ్ళింది. జ్వరముందా, తిండి సరిగా తింటోందా అని నర్సమ్మ అడిగినవాటన్నిటికీ నిజం చెప్పింది. సూది పడ్డాక అరగంట కూర్చున్నాం. ఎనిమిదో రోజు పాప ఒళ్ళు కాస్త వెచ్చబడింది. అట్లా రావచ్చని నర్సమ్మ ముందే చెప్పింది, నాకూ తెలుసు, అయినా ఆ పూటంతా నేను పాప పక్కనుంచి కదల్లేదు. నుదుటి మీద చెయ్యి తీస్తే ఏమవుతుందోనని భయం. మర్నాటికి తగ్గిపోయి గిన్నెలన్నీ నేల మీదికి లాగింది. వేపమండల ఇంట్లో పిల్ల కూడా బతికి బట్టకట్టింది, కానీ ఒక చెవి సరిగా వినిపించడం లేదని తర్వాత తెలిసింది.

రెండో ముక్కని నేను అందరికీ పంపాను. పెద్దావిడకి, దాచేపల్లికి, దర్జీ ఆవిడకి. దాచేపల్లి ఆవిడ అదేమిటని ఫోన్ చేసి అడిగింది. పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తామంది. వెళ్ళారో లేదో ఇంకా నాకు తెలియదు. దర్జీ ఆవిడ దండం పెట్టే బొమ్మ ఒకటి పంపింది. మళ్ళీ ఒకసారి ఆ వీధికి వెళ్ళినప్పుడు కుట్టుమిషను చప్పుడు ఆగి ఆవిడ గొంతు వినిపించింది. మొదటి ముక్కే చెబుతోంది, అదే ఊపిరితో. రెండోది విన్నారా అని లోపలికి వెళ్ళి అడిగాను. విన్నాను, అది అంత బాగా లేదండీ అంది.

పోయిన వారం తెలియని నంబరు నుంచి నాకొక మెసేజి వచ్చింది. తెరవకముందే తెలిసిపోయింది. స్‌స్‌స్, ఊపిరి, ఏమే, ఇంటన్నావా. ఈసారి దండ ఫోటోలో ఇంకో ముసలామె ఉంది. ఆ నంబరు పక్కన ఉన్న చిన్న ఫోటోలో ఒక పడుచుపిల్ల, ఒళ్ళో పళ్ళు రాని బిడ్డ. నేను వెంటనే రెండో ముక్క పంపి, కింద రాశాను. 'అమ్మా, ఈమె మా అక్క. ఈ మాట నాతోనే చెప్పింది. ఇది సగమే, మిగతాది పంపాను, వినండి. మీరే ఊరు? నేను వచ్చి మాట్లాడతాను.'

విన్నదో లేదో తెలియదు. కాసేపటికి జవాబు వచ్చింది.

'ఆమె చెల్లెలినని చానామంది అంటున్నారండీ. మీరు ఎవరో మాకు తెలీదు. మాకు ఆమె గొంతు తెలుసు.'

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు, ఆ చిన్న ఫోటో కూడా కనిపించడం మానేసింది. ఆ బిడ్డకి ఎన్ని నెలలు నిండాయో, ఏ ఊళ్ళో ఉందో నాకు తెలియదు.